మా ప్లంబరు నైపుణ్యంపై తీర్మానం

మా భవన నివాసుల సంఘం సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం ఏమనగా: మా ప్లంబరుకు పని వచ్చునని గానీ, రాదని గానీ సంఘం వద్ద ఎలాంటి సమాచారమూ లేదు. పదకొండేళ్లుగా ఈ భవనంలో నీళ్లు పైకి ఎక్కుతున్నాయి, కిందికి దిగుతున్నాయి. అది నీటి స్వభావం కావచ్చు.

సంఘానికి కార్యదర్శిని గనుక తీర్మానం రాసే భాగ్యం నాకే దక్కింది. రాస్తున్నంతసేపూ సమావేశపు గది గోడలో పైపు బొటబొటా కారుతుంటే, దాన్ని ఆ ప్లంబరే బాగుచేస్తున్నాడు. కాబట్టి వ్యవహారమంతా అతని సమక్షంలోనే, ఎంతో పారదర్శకంగా జరిగిందని మనవి.

అతన్ని అందరం పానా అంటాం. చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది గనుక ఆ పేరు వచ్చింది. అసలు పేరు అడగాలని ఎవరికీ తోచలేదు. పైపు పగిలినప్పుడు మనిషిని పేరు పెట్టి పిలిచే తీరిక ఎవరికుంటుంది?

ఈ పానాకు పరాయి దేశంలో ఉద్యోగం వచ్చింది. అక్కడ నీళ్లున్నాయట, పైపులున్నాయట, రెండింటినీ కలిపే మనుషులే లేరట. ఒక కంపెనీవాళ్లు అతను అతుకు వేస్తుండగా ఫోనులో చూసి, వెంటనే బయలుదేరి రమ్మన్నారు. నైపుణ్యం గల పనివారికి ఇచ్చే వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి. గడువులోగా కాగితాలు చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరి పాలవుతుంది. అంటే అతను చేయవలసిన పని అయిపోయింది, చూపించవలసిన కాగితాలే మిగిలాయి. ఇందులో ఏది కష్టమో మీకు నేను చెప్పనక్కర్లేదు.

వీసా కాగితాలు సిద్ధం చేసిపెట్టే ఆఫీసుకు పానా, అతని భార్య కలిసి వెళ్లారు. గోడ మీద విమానం బొమ్మ, దాని కింద ఎప్పటికీ ఎగరలేని ఒక పెద్దమనిషి ఉన్నారు. ఆయనే కన్సల్టెంటు.

"నువ్వు పుట్టినట్టు రుజువుందా?" అని అడిగారాయన.

"ఎదురుగానే కూర్చున్నాను కదండీ," అన్నాడు పానా.

"అది పుకారు కిందకి వస్తుందయ్యా. స్టాంపు ఉండాలి."

పుట్టినట్టు స్టాంపు సంపాదించడానికి అతనికి పుట్టినంత కష్టమైంది. తరువాత ఏ నేరమూ చేయలేదని పోలీసుల చేత రాయించుకోవాలి. స్టేషనులో వాష్ బేసిను కారుతోంది. అది బాగుచేసి లేచేసరికి అతను నేరం చేసే మనిషి కాడని వారికి రూఢి అయింది. తరువాత భాష పరీక్ష. గ్రంథాలయాల వల్ల సమాజానికి కలిగే మేలు గురించి ఒక పేజీ రాయమన్నారు. గ్రంథాలయం డాబా మీది ట్యాంకు ఎందుకు కారుతోందో, కింద ఏయే బీరువాలు తడుస్తున్నాయో అతను రెండు పేజీలు రాశాడు. మంచి మార్కులే వచ్చాయి. ఫొటోలో చెవులు రెండూ కనబడాలి, నవ్వకూడదు అన్నారు. మా భవనంలో పనిచేసిన అనుభవం వల్ల ఆ రెండోది అతనికి సునాయాసంగా కుదిరింది.

అసలు చిక్కు అనుభవం దగ్గర వచ్చింది. పని చేస్తుండగా తీసిన ఫొటోలు కావాలన్నారు. పానా పదకొండేళ్ల ఫొటోలన్నీ వెతికి తెచ్చాడు. అన్నింటిలోనూ సింకు కింద నుంచి బయటకు వచ్చిన రెండు కాళ్లే ఉన్నాయి. కన్సల్టెంటు భూతద్దం పెట్టి చూసి, ఈ కాళ్లు ఫలానావారివని కాళ్ల మీద ఎక్కడా రాసి లేదన్నారు. పోనీ చేసిన పని చూపిద్దామంటే అది గోడ లోపల ఉంది. పాడుచేసిన పనైతే గోడ మీద మరకై నలుగురికీ కనబడేది. బాగా చేసిన ఖర్మానికి సాక్ష్యం లేకుండా పోయింది.

"ఎవరి దగ్గర పనిచేశావో వాళ్లని లెటరు రాయమను," అని తేల్చారు కన్సల్టెంటు. "నీకేం వచ్చో, ఏమేం చేశావో, వివరంగా ఉండాలి. అదొక్కటి లేకపోతే మిగతా ఫైలంతా చిత్తుకాగితాలే."

అలా ఆ బాధ్యత మా సంఘం నెత్తిన పడింది.

ఇక్కడ మా భవనంలోని ఒక సదాచారం గురించి చెప్పాలి. పనివాడి పనిని అతని ముఖం ముందు మెచ్చుకోకూడదు. చనువిస్తే చంకెక్కుతారని పెద్దలు ఊరికే అనలేదు. కాబట్టి పానా పని ముగించి, చేతులు తుడుచుకుని నిలబడగానే మేము రెండడుగులు వెనక్కి వేస్తాం. తల ఒక పక్కకు వంచుతాం. పెదవి విరిచి, "ఏదో, పర్వాలేదు," అంటాం. తరువాత ఒక లోపం చూపిస్తాం. లోపం లేకపోతే వెతకడం ఇంటి యజమాని ధర్మం. కుళాయి కొంచెం ఎడమకు చూస్తోందని రెండో అంతస్తువారు ఏడాదిపాటు బాధపడ్డారు. నీళ్లు మరీ చప్పుడు లేకుండా వస్తున్నాయి, వస్తున్నట్టే తెలియడం లేదని ఒకరు ఫిర్యాదు చేశారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా పెరటి చెట్టు రోజూ వైద్యం చేస్తూనే ఉంది, మేము మాత్రం ఆ సామెతను నిష్ఠగా పాటిస్తున్నాం.

ఇలాంటి పరిస్థితిలో ఉన్నపళంగా "ఇతను నిపుణుడు" అని రాయమంటే చేయి ఎలా సాగుతుంది? సమావేశం పెట్టాం. మా అధ్యక్షులవారు ఏదో ఒక పెద్ద శాఖలో ఏదో ఒక పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. లేచి, శాలువా సర్దుకుని ఇలా సెలవిచ్చారు.

"సభకు నమస్కారం. శ్రమజీవి దేశానికి వెన్నెముక. వెన్నెముక లేనిదే మనిషి నిలబడలేడు. అయితే మిత్రులారా, వెన్నెముక వెనకాలే ఉండాలి. అది ముందుకొచ్చి లెటరు అడిగితే శరీరం ఏమైపోవాలి? ఇతనికి పని వచ్చని రాశామా, వెళ్లిపోతాడు. రాదని రాశామా, పదకొండేళ్లు పనిరానివాణ్ని పెట్టుకున్నామని మనకే తలవంపులు. కాబట్టి ఏమీ రాయకుండా ఏదైనా రాయాలి. నా సర్వీసంతా నేను చేసింది అదే!"

చప్పట్లు మారుమోగాయి. నాలుగో అంతస్తు లెక్చరరమ్మగారికి మనసు కాస్త మెత్తన. "పోనీ, మంచివాడు, ఎవరి జోలికీ పోడు అని రాద్దామండీ," అన్నారు.

తలుపు దగ్గర నిలబడ్డ పానా భార్య ఊరుకోలేదు. "మంచితనం పెట్టి పైపులు అతికించలేరమ్మా. ఆయనకి వచ్చిన పనేదో అదే రాయండి," అంది. కుట్టుమిషను మీద బతికే మనిషి, మాటను కూడా కత్తిరించినట్టే మాట్లాడుతుంది.

తీర్మానం పైన చెప్పిన విధంగా వెలువడింది. పానా దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "పైపు అయిపోయింది సార్, ఒకసారి చూసుకోండి," అన్నాడు. చూశాను. ఏదో, పర్వాలేదు.

గడువు దగ్గర పడింది. ఒకరోజు అతని భార్య మా ఇంటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. లెటరు కోసం మళ్లీ పీడిస్తుందేమోనని మొహం చిట్లించుకుని సిద్ధంగా కూర్చున్నాను.

"లెటరు ఇవ్వకపోతే పోనీండి అన్నయ్యగారూ," అంది. "మా రాత ఎలా ఉంటే అలా అవుతుంది. ఒక్కటే నా మనవి. మీరు మాత్రం ఆ వీసా ఆఫీసుకి అభ్యంతరం రాయకండి. ‘ఈయన వెళ్లిపోతే మా భవనం గతేంటి, ఇన్ని పనులు ఇంకెవరు చేస్తారు’ అని ఒక్క ముక్క రాశారంటే మా కొంప మునిగిపోతుంది. మీకు దణ్ణం పెడతాను."

అలాంటి పని చేసే మనుషులం కాదని ధైర్యం చెప్పి పంపించాను. పాపం, కంగారులో వీసా ఆఫీసు అడ్రసూ దరఖాస్తు నంబరూ రాసిన కాగితం నా బల్ల మీదే మరిచిపోయింది. అంత కంగారులోనూ గాలికి ఎగిరిపోకుండా దాని మీద నీళ్ల గ్లాసు పెట్టి వెళ్లింది.

ఆమె మెట్లు దిగకముందే నేను అధ్యక్షులవారి తలుపు తట్టాను. అభ్యంతరం తెలిపే హక్కు మనకుందన్న సంగతి ఇంతకాలం ఎవరికీ తట్టనే లేదు! అత్యవసర సమావేశం జరిగింది. లెటరు రాయడానికి పెన్ను కదలనివారంతా అభ్యంతరం అనేసరికి పోటీలు పడ్డారు. లెక్చరరమ్మగారు ఆ దేశపు భాషలో, ఒక్క తప్పు లేకుండా రాసిపెట్టారు. దాని సారాంశం ఇది.

అయ్యా, ఈ వ్యక్తిని మీరు తీసుకుపోవడానికి మేము తీవ్ర అభ్యంతరం తెలుపుతున్నాము. ఈ భవనానికి పైపుల పటం లేదు. ఉన్న పటం ఇతని తల ఒక్కటే. గోడ మీద చేయి వేసి ఎక్కడ కారుతోందో చెప్పగలవాడు మా ఎరుకలో ఇతను తప్ప వేరొకరు లేరు. ముగ్గురు ఇంజనీర్లు భవనం సగం పడగొట్టాలన్న చోట ఇతను ఒక్క పలక తీసి పని ముగించాడు. డాబా మీద పెద్ద ట్యాంకు పగిలిన రోజున జ్వరంతో వచ్చి, మెడలోతు నీళ్లలో నిలబడి కట్టు వేశాడు. ఆ కట్టు నేటికీ చెక్కుచెదరలేదు. ఇతను వేసిన అతుకు తిరిగి కారిన దాఖలా ఒక్కటీ లేదు. ఇటువంటి మనిషి వెళ్లిపోతే మేము నీళ్లు లేక నానా అవస్థలు పడతాము. కావున వీసా నిరాకరించ ప్రార్థన.

అందరం సంతకాలు పెట్టాం. రెండో అంతస్తువారు "కుళాయి నిటారుగానే ఉంది" అని పక్కన విడిగా రాసి మరీ పెట్టారు.

కొద్దిరోజులకు జవాబు వచ్చింది. అధ్యక్షులవారు గొంతు సవరించుకుని సభకు చదివి వినిపించారు. "మీ పత్రం అందినది. దరఖాస్తుదారుని నైపుణ్యాన్ని ఇంత వివరంగా, ఇంతమంది సంతకాలతో ధ్రువీకరించిన యజమానులు అరుదు. మీ సహకారానికి కృతజ్ఞతలు. వీసా మంజూరైనది."

అధ్యక్షులవారు జవాబును తిరగేసి వెనకవైపు కూడా చూశారు. లెక్చరరమ్మగారు మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నట్టు నాకు అనుమానం. అనుమానం తీర్మానంలోకి ఎక్కదు గనుక రాయలేదు.

వెళ్లేముందు పానా మా ఇంటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిలో పానా లేకపోయేసరికి ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. గుమ్మం దగ్గరే నిలబడి, వీసాతోపాటు వచ్చిన మా అభ్యంతరం నకలు జేబులోంచి తీశాడు. మడతల దగ్గర చిరుగు పట్టేంతగా చదివినట్టున్నాడు.

"సార్, ఇందులో ఉన్నదంతా మీరు రాసిందేనా?"

"సంఘం రాసింది," అన్నాను.

"ట్యాంకు పగిలినరోజు నాకు జ్వరమని మీకు తెలుసా సార్?"

"తెలుసు."

అతను కాగితాన్ని మళ్లీ మడిచాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. "దీన్ని తెలుగు చేసి మా ఆవిడకి వినిపించాను సార్, వినిపిస్తుంటే నాకే నమ్మకం కలగలేదు. ఎవరో పెద్ద పనిమంతుడి గురించనుకున్నాను. ఆ దేశం వెళ్లేది జీతం కోసమే, కాదనను. కానీ ఈ కాగితం... ఇందులో ఒక్క ముక్క ఎప్పుడో ఒకప్పుడు నోటితో అనుంటే, వెళ్లేముందు ఇంకోసారి ఆలోచించేవాణ్నేమో." సిగ్గుపడుతూ అడిగాడు. "ఇప్పుడైనా ఒక్కసారి అంటారా?"

నాకు అనాలనే ఉంది. మాట గొంతుదాకా వచ్చింది. నోరు తెరిచాను. నా కాళ్లు వాటంతటవే రెండడుగులు వెనక్కి వేశాయి. తల పక్కకు వాలింది.

"ఏదో, పర్వాలేదయ్యా," అన్నాను.

పానా నవ్వేశాడు. పదకొండేళ్లలో అతను నవ్వగా చూడటం అదే మొదలు. "ఉంటాను సార్. వాల్వులు మెట్ల వెనకాల ఉన్నాయి, ఎర్రది మాత్రం తిప్పకండి," అని చెప్పి మెట్లు దిగాడు. కింద అతని భార్య ఫైలు చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అంత భక్తి ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

మరుసటి వారమే ఎర్రది ఎవరో తిప్పారు. కొత్త ప్లంబరు వచ్చాడు. కుర్రవాడు కాదు, అనుభవం ఉన్న మనిషే. పొద్దున్నుంచి తంటాలు పడి, చక్కగా బాగుచేసి, చేతులు తుడుచుకుని నిలబడ్డాడు. మేము చేసిన తప్పు తెలిసి వచ్చింది గనుక, సంఘం తరఫున నోరారా పొగడాలని నిశ్చయించుకున్నాను. పొగిడాను కూడా.

"మా పానా ఉండేవాడయ్యా! వాడి పనితనమే వేరు. నీది వాడి కాలిగోటికి సరిపోదు," అన్నాను.

అప్పటినుంచి పానాను మా భవనంలో పొగడని రోజు లేదు. కొత్తవాడు వచ్చి వెళ్లిన ప్రతిసారీ పొగుడుతున్నాం. అతను కూడా ఈమధ్య ఫొటోలు తీయించుకుంటున్నాడట, మొహం కనబడేలా.

ఇంతవరకూ చదివిన పాఠకులకు ఒక మనవి. ఇది బాగుందనిపిస్తే నా ముందు అనకండి, అలవాటు తప్పుతుంది. నేను ఊరు వదిలిపోతున్నానని తెలిశాక, అభ్యంతరం రాయండి.