పాటకు ముందు పదకొండు ప్రసంగాలు

పాట వినకుండా పాట గురించి మాట్లాడగలగడమే నాగరికత! కాదంటారా? అయితే మొన్న సూర్యాపేటలో ఉషారాణి జాజ్ ఆల్బమ్ ఆవిష్కరణ సభకు మీరు రాలేదన్నమాట.

ఉషారాణిది కోదాడ పక్కన చిలుకూరు. తనే రాసి, తనే బాణీ కట్టి, తనే పాడుతుంది. అటు మిర్యాలగూడ దాకా ఆమె పాట పెట్టందే పెళ్లి బరాత్ కదలదు. అంత పేరొచ్చాక హాయిగా ఉండక, రెండేళ్లు కూర్చుని జాజ్ నేర్చుకుంది. కట్టిన బాణీని కట్టినట్టు వదలకుండా, పాడుతూ పాడుతూనే అటూ ఇటూ మళ్లించే సంగీతమట. సంతలో ఆటో నడిపినట్టు!

ఆ రోజు ఆమెకు ఒకటే కోరిక. డీజే మోతలో తప్ప కూతురి గొంతు విడిగా ఎన్నడూ వినని తల్లి లచ్చమ్మ, వరి నాటు పని మానుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఆమెకు ఒక్క పాటైనా వినిపించాలి. ఫంక్షన్ హాలు ఒంటి గంట వరకే. తర్వాత ఎవరిదో ఓణీల ఫంక్షన్.

అయినా, జాజ్ ఎరగని జనానికి ముందు జాజ్ గురించి చెప్పొద్దూ? పదకొండు మంది చెప్పారు!

రిటైర్డ్ లెక్చరర్ జనార్దన్ గారు జాజ్ పుట్టుకతో మొదలుపెట్టి, తన పుట్టుక మీదుగా, తన పదవీ విరమణ దగ్గర ఆగారు. వాడపల్లి వైపు నుంచి వచ్చిన సిమెంటు ఇంజినీరు ఒకాయన ఈ సంగీతంలో గట్టిదనం చాలదన్నారు. పత్రికలకు సంగీత సమీక్షలు రాసే ధనుంజయ్ గారైతే నిజాయితీగా ఒప్పుకున్నారు: "నేను ఒక్క పాట గూడ వినలే. అందుకే పక్షపాతం లేకుంట మాట్లాడగలుగుత!" హాలంతా చప్పట్లు. నాయకుడు మహేష్ అన్న సూటిగా తేల్చేశారు: "మా ఆడబిడ్డ జాజ్‌ల నిలబడ్డది. భారీ మెజారిటీతోని గెలిపియ్యాలె!"

వేదిక పక్కన సాక్సాఫోన్ మెడకు తగిలించుకుని యోహాను నిలబడ్డాడు. పెళ్లి బ్యాండులో ముప్పై ఏళ్లు ఊదినవాడు.

"పన్నెండున్నర అయింది బిడ్డా. ఊదుడా, మూటగట్టుడా?"

"జర ఆగు బాబాయ్. ఇంక ఇద్దరే ఉన్నరు."

"ఆ ఇద్దరి చేతుల కాగితాలు సూసినవా? పరీక్ష రాస్తున్నరనుకున్న!"

కింద లచ్చమ్మ పక్కామెను అడిగింది: "ఈళ్లల్ల పాడేటోళ్లు ఎవలమ్మా?"

ఒంటి గంటకు ఐదు నిమిషాలుందనగా హాలు మేనేజర్ గడియారం చూపించాడు. పాటలకు సమయం చాలనందుకు అధ్యక్షులు విచారం వెలిబుచ్చి, మైకు ఉషారాణికి అందించారు. పాడటానికి కాదు, వందన సమర్పణకు!

ఆమె ఒకసారి తల్లి వైపు చూసింది. "గౌరవనీయులైన..." అని ఎత్తుకుని, ఆ మాటను అక్కడే పట్టుకుని సాగదీసింది, విరిచింది, కిందికి జార్చి పైకి లాగింది. యోహానుకు అర్థమైపోయింది. సాక్సాఫోన్‌తో అందుకున్నాడు. జనార్దన్ గారి పేరు మూడు వంపులు తిరిగింది. ధనుంజయ్ గారి పేరు తాళానికి ఒకసారి ముందు, ఒకసారి వెనక పడింది. మహేష్ అన్న పదవులన్నీ ఒకే ఊపిరిలో దొర్లిపోయాయి. మైకు సెట్టు వాళ్లకు, హాలు ఊడ్చిన వాళ్లకు కూడా పాడి, "నాటుకు పోకుంట వచ్చిన మా అమ్మకు" అన్నచోట గొంతు బాగా తగ్గించింది. ఫ్యాన్ల చప్పుడు వినబడింది.

లచ్చమ్మ లేచి నిలబడింది. "ఇంకొక్కపారి అను బిడ్డా!"

అనడానికి వీల్లేదు. అప్పటికే కుర్చీల కవర్లు మారుస్తున్నారు.

మర్నాడు ధనుంజయ్ గారి సమీక్ష అచ్చయింది: "పదకొండు ప్రసంగాలూ సభను రక్తి కట్టించాయి. నాలుగు నిమిషాలు సాగిన వందన సమర్పణ మాత్రం విసుగు పుట్టించింది."

పాఠకులారా, నిర్వాహకులకు నాదొక్కటే మనవి. ఇకనుంచి వందన సమర్పణ కూడా వక్తలకే అప్పగించండి. కళాకారుల చేతికి మైకు ఇస్తే ఏం చేస్తారో చెప్పలేం. పాడినా పాడతారు!