సెవెంత్ బి కోట ముట్టడి

పిల్లలకు చరిత్ర రావాలంటే పుస్తకాలు మూసేసి వాళ్లను ఒక పూట పస్తు పెట్టాలి. కోప్పడకండి! ఈ మాట నాది కాదు. పెద్ద పెద్ద డిగ్రీలున్న విద్యావేత్తలది. నేను సమర్థిస్తున్నానంతే.

అసలు బడుల్లో యాక్టివిటీ అనేదాన్ని కనిపెట్టిన మహానుభావుడికి మనం చేసిన సన్మానం ఏది? పూర్వం మాస్టారు పాఠం చెప్పేవారు, పిల్లలు కునుకు తీసేవారు. ఇప్పుడో? పిల్లలు ఆడతారు, మాస్టారు పరిగెడతారు, తల్లులు అట్టలు కత్తిరిస్తారు, తండ్రులు జిగురు డబ్బా కోసం ఊరంతా తిరుగుతారు. ఒక్క ఫీజుకి ఇంటిల్లిపాదికీ చదువు!

నమ్మకం కుదరకపోతే జానకిరామ్ గారి సంగతి వినండి. భీమవరంలో ఒక కాన్వెంటులో పన్నెండేళ్లుగా సోషల్ చెబుతున్న మనిషి. కాన్వెంటు పేరు అడక్కండి, మా పక్కింటి పిల్ల అక్కడే చదువుతోంది. ఆయన చేరిన కొత్తలో వారానికి సోషల్ పీరియడ్లు ఆరు. ఐఐటీ ఫౌండేషన్ వచ్చి రెండు పట్టుకుపోయింది. ఒలింపియాడ్ ఒకటి, స్పోకెన్ ఇంగ్లిష్ ఒకటి ఎగరేసుకుపోయాయి. చివరికి సోమవారం ఒకటీ గురువారం ఒకటీ మిగిలాయి. ఆ రెండూ కూడా పోతే తాను బడికి రావడం ఎందుకో ఆయనకే తెలియదు.

ఈ ఏడు హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి ఒక పెద్ద అట్టపెట్టె వచ్చింది. దానిమీద "మధ్యయుగ ఐరోపా: ఇరవై నాలుగు ఆకర్షణీయమైన యాక్టివిటీలు" అని రాసి ఉంది. ప్రిన్సిపాల్ సత్యవాణి మేడమ్ ఆ పెట్టె ఆయన చేతిలో పెట్టి, ఇవి బాగా వస్తేనే ఆ రెండు పీరియడ్లూ ఉంటాయని, లేదంటే అవి కూడా లెక్కలకే వెళ్లిపోతాయని ఎంతో మర్యాదగా చెప్పారు. జానకిరామ్ గారు అంతకంటే మర్యాదగా తలూపారు.

మొదటి యాక్టివిటీ ప్లేగు. పెట్టెలోని సూచనల ప్రకారం రోగం వచ్చిన పిల్లల బుగ్గమీద నల్ల చుక్క పెట్టాలి. కాటుకతో పెట్టారు. సాయంత్రం ఇళ్లలో నాయనమ్మలు చూసి, బడివాళ్లు పిల్లలకు దిష్టిచుక్క కూడా పెడుతున్నారని మురిసిపోయారు. ఐరోపా మొత్తాన్ని గడగడలాడించిన ప్లేగు మన దగ్గర అంత ఆదరణ పొందింది!

తర్వాత రాజు, ప్రభువులు, రైతులు. చీటీలు తీశారు. రైతులుగా వచ్చిన పదిమందీ ధాన్యం శిస్తు కట్టలేమన్నారు. పొలాలన్నీ ఎప్పుడో చెరువులు తవ్వేశామని, కావాలంటే రొయ్యలు ఇస్తామని విన్నవించుకున్నారు. రాజుగారు అట్ట కిరీటం సర్దుకుని, కిలోకి ఎన్ని తూగుతాయి, కౌంటు ఎంతని అడిగారు. వీరయోధుల యాక్టివిటీలో శిరస్త్రాణం బదులు పాలగిన్నె బోర్లించుకున్న ఒక యోధుడికి కొబ్బరినూనె రాసి గిన్నె ఊడదీయడానికి రెండు పీరియడ్లు పట్టింది. అదృష్టం, రెండోది లెక్కల పీరియడు.

ఇవన్నీ చిల్లర. అసలైనది ఏడో యాక్టివిటీ, కోట ముట్టడి.

సెవెంత్ బి క్లాసులో ముప్పై ఆరు మంది. సగం మంది కోటలో, అంటే క్లాసు గదిలో, తలుపు వేసుకుని ఉండాలి. సగం మంది వరండాలో శత్రు సైన్యం. యుద్ధం ఉండదు. కోటలోకి తిండి వెళ్లకుండా చూడటమే ముట్టడి. మధ్యాహ్నం బయటివాళ్లు తింటుంటే లోపలివాళ్లు కిటికీలోంచి చూడాలి. ఒంటిగంటా పావుకి తెల్ల రుమాలు ఊపుతూ బయటికొచ్చి లొంగిపోవాలి. ఆ లొంగుబాటు ఫొటో హెడ్డాఫీసుకు పంపాలి. ఫొటో లేకపోతే యాక్టివిటీ జరగనట్టే!

జానకిరామ్ గారు పద్ధతైన మనిషి. ముందురోజే అందరి డైరీల్లోనూ రాయించారు. రేపు కోట ముట్టడి. కోటలో ఉండే పద్దెనిమిది మంది పిల్లలు క్యారేజీ తేకూడదు. మధ్యాహ్నం వారికి భోజనం ఉండదు. తక్కినవారు ఎప్పటిలాగే తెచ్చుకోవలెను.

ఈ నాలుగు ముక్కలూ మరో దేశంలో రాసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. భీమవరంలో ఆ డైరీ చూసిన ఏ తల్లీ మూడో వాక్యం దాటి ముందుకు వెళ్లలేకపోయింది. పిల్లలకు భోజనం ఉండదట! పద్దెనిమిది మందికట! ముట్టడి అంటే ఏమిటని ఒక్కరూ అడగలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్లారు.

మర్నాడు పన్నెండున్నరకి గేటు ముందు ఆటో ఆగింది. వీరదుర్గ దిగింది. ఆవిడకి మార్కెట్లో చేపల వ్యాపారం, కొడుకు ఉదయ్‌కుమార్ శత్రు సైన్యానికి సేనాధిపతి. ఆవిడ చేతిలో అయిదు గిన్నెల క్యారేజీ, ఆటోలో పండుగప్ప పులుసు గిన్నె. జానకిరామ్ గారు పరుగున వెళ్లి, లోపలున్నవాళ్లు మీ అబ్బాయికి శత్రువులని, వాళ్లకి అన్నం పెడితే మీ అబ్బాయి ఓడిపోతాడని ఓపికగా వివరించారు. ఆవిడ అంతా విని, గిన్నె కిందికి దించింది.

"ఓడిపోతే పోయాడండి మాస్టారూ. అన్నం వేళకి ఎవరి పిల్లలైతే ఏంటండి? మా ఇంటి ముందునుంచి వెళ్లేవాణ్ణి కూడా తిని వెళ్లమంటాం. వీళ్లని పస్తు కూర్చోబెట్టి మావోడు తింటాడా? అరగద్దేంటండి ఆడికి?"

దీనికి పెట్టెలో సమాధానం లేదు. ఆయన సూచనల పుస్తకం తిరగేసి చూశారు కూడా.

ఆవిడ వెనకాలే సైన్యంలోని తక్కిన పదిహేడు మంది పిల్లల తల్లులూ వచ్చారు. గోంగూర రొయ్యలు, పనసపొట్టు కూర, పెరుగావడలు కిటికీలోంచి కోటలోకి వెళ్లాయి. కోట నాయకురాలు భవ్య బెంచీమీద బాసింపట్టు వేసుకుని వడ్డన చూసింది. ఒంటిగంటా పావు అయింది. లొంగిపోండమ్మా అని జానకిరామ్ గారు కిటికీ దగ్గర నిలబడి బతిమాలారు.

భవ్య చెయ్యి కడుక్కుని వచ్చి, "సార్, రేపు కూడా ముట్టడి ఉందాండి?" అని అడిగింది.

బయట సైన్యం పరిస్థితి దయనీయం. తల్లులు మంచివన్నీ కోటలోకి పంపేసి, నీకు ఇంటి దగ్గర ఎలాగూ ఉంటుంది కదా అని సొంత పిల్లలకు పెరుగన్నం పెట్టారు. ఉదయ్‌కుమార్ తన ఇంటి పులుసు వాసన శత్రువుల దగ్గర్నుంచి రావడం కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత అట్టకత్తి గోడకి ఆనించి, తలుపు కొట్టి లోపలికి వెళ్లిపోయాడు. సేనాధిపతి వెళ్లాక సైనికులు ఉంటారా? రెండున్నరకల్లా ముప్పై ఆరు మందీ కోటలోనే ఉన్నారు. వరండాలో జానకిరామ్ గారు ఒక్కరే మిగిలారు.

మరి ఫొటో? ఆయన తన జేబురుమాలు తీసి, తలుపు దగ్గర నిలబడి తానే ఊపారు. వాచ్‌మన్ ఫొటో తీశాడు. మూడు గంటలకు లొంగుబాటు జరిగింది అని రిపోర్టులో రాశారు. ఎవరు లొంగిపోయారో రాయమని ఎక్కడా లేదు, రాయలేదు.

లోపల పిల్లలు ఆయనకీ ఒక ప్లేటు పెట్టారు. ఆయన తింటుంటే ఎవరో అడిగారు, నిజం కోటల్లోవాళ్లని ఎలా బయటికి రప్పించేవారని. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. గోడల కింద సొరంగాలు తవ్వేవారని చెప్పారు. నూతులు ఎండిపోతే ఏం చేసేవారో, లోపలినుంచి సంధి షరతులు రాసి ఎలా పంపేవారో చెప్పారు. బెల్లు కొట్టారు. ఒక్కరూ లేవలేదు. పన్నెండేళ్లలో బెల్లు కొట్టాక సోషల్ క్లాసులో ఎవరూ లేవకపోవడం అదే మొదటిసారి. ఆయన ముద్ద అడ్డం పడిందని చెప్పి నీళ్లు తాగారు.

ఫొటో హెడ్డాఫీసుకు ఎంతగానో నచ్చింది. శనివారం మేడమ్ ఆయన్ని పిలిచి అభినందించారు. ఏడాది పాఠం ఒక్కరోజులో పిల్లల బుర్రకెక్కిపోయింది కాబట్టి ఈ సంవత్సరానికి సోషల్ పూర్తయినట్టేనని, సోమవారం, గురువారం పీరియడ్లు లెక్కలకు ఇచ్చేశామని శుభవార్త చెప్పారు. యాక్టివిటీ చెడిపోతే పనికిరాదని తీసేస్తారు. బాగా వస్తే పని అయిపోయిందని తీసేస్తారు. ఇంత నిష్పక్షపాతమైన విధానం ఇంకెక్కడైనా చూశారా!

సోమవారం మూడో పీరియడుకి లెక్కల మాస్టారు అశోక్ గారు సెవెంత్ బికి వెళ్లారు. లోపల గడియ. గడియ వెనక బెంచీలు. తలుపు కిందినుంచి ఒక కాగితం బయటికొచ్చింది. సోమవారం, గురువారం సోషల్ పీరియడ్లు తిరిగి ఇవ్వవలెను. బాత్‌రూమ్‌కి వెళ్లి వచ్చేవారిని పట్టుకోరాదు. అశోక్ సార్‌కి ఏ హానీ తలపెట్టబోము. కింద భవ్య, ఉదయ్‌కుమార్ సంతకాలు.

మేడమ్ జానకిరామ్ గారికి కబురు పెట్టారు. ఆ బడిలో ఆయన్ని ఒకరు చరిత్ర గురించి సలహా అడగడం అదే మొదలు.

"ఇలాంటివి ఎలా ముగుస్తాయండి?" అన్నారావిడ.

"తిండి ఆపాలండి. తిండి ఆగితే ఎంతటి కోటైనా లొంగుతుందండి. పుస్తకంలో అలాగే ఉందండి."

మేడమ్ వెంటనే ఫోను తీసి తల్లిదండ్రుల గ్రూపులో మెసేజ్ కొట్టారు. తలుపు తీసేవరకు సెవెంత్ బి పిల్లలకు ఈరోజు భోజనం లేదు అని. జానకిరామ్ గారు పక్కనే నిలబడి ఆ అక్షరాలు ఒక్కొక్కటే పడటం చూశారు. అడ్డు చెప్పొచ్చు. చెప్పలేదు. పద్ధతైన మనిషి జీవితంలో చేసిన ఒకే ఒక్క తప్పుడు పని అది.

అరగంటలో గేటు ముందు ఆటోలు, స్కూటర్లు. భవ్య నాయనమ్మ జానకీదేవి గారి కారు డిక్కీలో గుండిగెడు పులిహోర. పిల్లలకు అన్నం లేదంటారా అని మేడమ్‌ని నిలదీసిన గొంతుతోనే ఆవిడ, మీరు తిన్నారాండీ అని కూడా అడిగారు. రెండింటికి అశోక్ గారు వరండాలో విస్తరి ముందు కూర్చున్నారు. మూడింటికి మేడమ్ పిల్లల షరతుల కాగితం మీద సంతకం పెట్టారు.

ఇప్పుడు చెప్పండి, యాక్టివిటీ వల్ల పిల్లలు ఏమీ నేర్చుకోరని వాదించేవాళ్లు తలలు ఎక్కడ పెట్టుకుంటారు? నేర్చుకున్నారు! ఎంతగా అంటే, హెడ్డాఫీసు కంగారుపడి వారంలోగా సర్క్యులర్ పంపింది. ముట్టడి రద్దు. పిల్లల్ని ఆలోచింపజేసే అవకాశం ఉన్న మరో ఆరు యాక్టివిటీలు కూడా రద్దు. ఇచ్చిన మాట ప్రకారం సోమవారం, గురువారం పీరియడ్లు సోషల్‌కే ఉంటాయి. వాటిలో పిల్లలు ఇంటి దగ్గర పెద్దవాళ్లు చేసిపెట్టిన థర్మాకోల్ కోటలు తెచ్చి బల్లమీద పెట్టవలెను, మాస్టారు ఫొటోలు తీయవలెను, పాఠం చెప్పనక్కర్లేదు.

గురువారం జానకిరామ్ గారు క్లాసులో నిలబడి ఆ సర్క్యులర్ చదివి, పిల్లల చేత కోట కొలతలు డైరీల్లో రాయించారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు. లోపల పిల్లలు పట్టకూడదు.