కూర్చుని నడిచిన నాలుగు కిలోమీటర్లు

జీపీఎస్ గడియారాలు నడకను తప్పుగా కొలుస్తాయని గొణిగేవాళ్లను చూస్తే నాకు జాలి! అయ్యా, అవి సరిగ్గా కొలిచి ఉంటే ఈపాటికి నా పరువు గంగలో కలిసేది. తప్పుగా కొలిచే యంత్రం దొరకడం పూర్వజన్మ సుకృతం. ఎవరో చెబితే విని రాయడం లేదు, అనుభవించి రాస్తున్నాను.

నేను సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగిని. ఇల్లు గంగ ఒడ్డున వాట్‌గంజ్‌లో. మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి ఓడరేవులో బస్తాలు మోశాడు. ఆయన వీపు మీద మోసినదాన్ని నేను పొట్ట మీద మోస్తున్నాను. డాక్టరుగారు నా షుగర్ రిపోర్టు చూసి రోజుకు మూడు కిలోమీటర్లు నడవమన్నారు. నేను వెంటనే ఆచరణలోకి దిగాను. అంటే, గడియారం కొన్నాను.

మొదటి రోజు తెల్లవారి ఆరింటికి బయల్దేరి, మా సందు చివర రెండు ఎత్తయిన అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుకులో ఉన్న చాయ్ దుకాణం దాకా నడిచాను. మొత్తం నూట ఇరవై అడుగులు! అలసట తీరడానికి బెంచీ మీద కూర్చుని రెండు చాయ్‌లు తాగాను. లేచి చూస్తే గడియారంలో రెండు కిలోమీటర్లు దాటింది.

మాయ అనుకుంటున్నారా? సైన్సు! ఆకాశం నుంచి వచ్చే సిగ్నల్ ఆ గోడలకు కొట్టుకుని అడ్డదిడ్డంగా వస్తుంది. గడియారం పాపం, నేను అటూ ఇటూ గెంతుతున్నాననుకుంటుంది. మ్యాప్ ప్రకారం ఆ ఉదయం నేను ఒక బ్యాంకు గోడలోంచి దూరి, చెరువు మీదుగా నడిచి, ప్రసూతి ఆసుపత్రిలో ఒక చుట్టు చుట్టి వచ్చాను. ఇంత వ్యాయామం మా వంశంలో ఎవరైనా చేశారా?

లాంచీలో గంగ దాటుతుంటే, నీళ్ల మీద నడిచానని గడియారం మెచ్చుకుంది. ఆఫీసు బస్సు ట్రాఫిక్‌లో పాకుతుంటే, అదీ నడకే అంది. ఈ ఊళ్లో బస్సుకూ మనిషికీ వేగంలో తేడా తెలియకపోతే అది గడియారం తప్పా? ఆఫీసులో నడక పోటీ పెడితే మొదటి బహుమతి నాకే. రెండో అంతస్తుకు లిఫ్టులో వెళ్లి తీసుకున్నాను.

డాక్టరుగారు కూడా గడియారం చూసి తలాడించారు. షుగర్ మాత్రం పెరిగింది. "నడక బాగుంది కాబట్టి రిపోర్టే తప్పయి ఉంటుంది, మళ్లీ చేయించండి," అన్నారు.

ఇంత మంచి యంత్రంతో మా అక్క కాసులమ్మకు పడలేదు. అక్క ఇరవై రెండేళ్లుగా మా పేటలో వీధులు ఊడుస్తోంది. ఆ పని చేయించే కాంట్రాక్టరు ఈ మధ్య ఊడ్చేవాళ్లందరి చేతులకూ జీపీఎస్ గడియారాలు కట్టించాడు. రోజుకు రెండు కిలోమీటర్లు తిరిగినట్టు కనబడితేనే హాజరు. మూడు గైర్హాజర్లు పడితే ఆ పని ఇంకొకరికి పోతుంది.

ఆ గడియారం పది నిమిషాలకోసారి మాత్రమే కళ్లు తెరుస్తుంది. అక్క సందులో ఈ పక్క ఊడ్చుకుంటూ వెళ్లి, ఆ పక్క ఊడ్చుకుంటూ వచ్చేసరికి పది నిమిషాలు. అది కళ్లు తెరిచేటప్పటికి అక్క బయల్దేరిన చోటే ఉంటుంది! నాలుగు గంటలు ఊడ్చినా మ్యాప్‌లో అర కిలోమీటరు కూడా కనబడదు. కట్టిన రెండు రోజుల్లోనే రెండు గైర్హాజర్లు పడ్డాయి.

"సందు సూడు దాదా, అద్దంలాగున్నాది, నాను తిరక్కపోతే ఎవులు ఊడ్సినారు అని సూపర్‌వైజర్నడిగినాను," అని చెప్పింది అక్క కళ్లు తుడుచుకుంటూ. "ఆడు ఫోన్లోంచి తలెత్తితే గదా! మ్యాప్ ఝూట్ నహీ బోల్తా దీదీ, అన్నాడు. మ్యాపు అబద్ధమాడదంట, అంటే నానే ఆడినానంట."

నాకు ఒళ్లు మండింది. ఒళ్లు మండితే నేను చేసేది ఒకటే, వెళ్లి కూర్చోవడం. చాయ్ దుకాణం ఎలాగూ అక్క ఊడ్చే వీధుల్లోనే ఉంది.

"అక్కా, నీ గడియారం నాకియ్యి," అన్నాను.

"నువ్వేటి సేస్తావురా దాంతోటి?"

"కూకుంటాను."

కాళ్ల నొప్పులని రాసి ఆఫీసుకు వారం సెలవు పెట్టాను. అక్క గడియారం లేకుండా ఊడ్చింది, నేను చీపురు లేకుండా కూర్చున్నాను. అది కళ్లు తెరిచినప్పుడల్లా ఆ గోడలు నన్ను కొత్త చోటికి విసిరాయి. మొదటి రోజే రెండు కిలోమీటర్ల మూడు వందల మీటర్లు, హాజరు పడింది! ఆ వారంలో ఎవరైనా ఒక్కసారి సందులోకి తొంగి చూసినా అక్క చేతికి గడియారం లేదని తెలిసిపోయేది. ఎవరూ రాలేదు. ఫోన్‌లో కనబడే సందుకు కాళ్లరిగేలా రావడమెందుకు?

నాకు హుషారు పెరిగింది. బెంచీ గోడ వైపు జరుపుకుంటే సిగ్నల్ ఇంకా బాగా గెంతుతుందని కనిపెట్టాను. శనివారానికి నాలుగు కిలోమీటర్లు పూర్తి చేశాను. ఒక తమ్ముడు అక్కకు ఇంతకంటే ఏం చేయగలడు?

ఆ మధ్యాహ్నం సూపర్‌వైజరు అక్కను అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించాడట. ఇంత తిరగగల మనిషికి ఆరు సందులేం సరిపోతాయని, సోమవారం నుంచి ఇంకో ఆరు సందులు అప్పగించాడట.

అక్క ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడి, బొబ్బలెక్కిన అరచేతులు చూసుకుంది. నేను తల దించుకున్నాను. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"తమ్ముడా," అంది అక్క, "సోమారం నుంచి కూసింత తక్కువ కూకోరా."