సందిగ్ధ ఉష్ణోగ్రత

రామచంద్రపురంలో పెద్దిరాజుగారి డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పే కామేశంగారికి తొంభై ఎనిమిదిలో డాక్టరేటు వచ్చింది. ఊరు ఎంతో సంతోషించింది. జ్వరాలకు మందివ్వరని తెలిశాక కొంత చల్లబడింది.

పొరలు పొరలుగా ఉండే అతివాహకాలు, అంటే సూపర్ కండక్టర్లు, సందిగ్ధ ఉష్ణోగ్రత దగ్గర ఎలా ప్రవర్తిస్తాయన్నది ఆయన పరిశోధన. ఇన్నేళ్లు చదివీ ఇంకా సందిగ్ధమేమిటని కాలేజీ కమిటీ విచారం వెలిబుచ్చింది. కామేశంగారు అతివాహకపు బిళ్లనొకదాన్ని చూపించి ఓపిగ్గా వివరించారు. ఈ నల్లబిళ్ల లోపల పూతరేకుల్లా పొరలుంటాయి. బాగా చల్లబరిస్తే ఒకానొక చలి దగ్గర, అదే సందిగ్ధ ఉష్ణోగ్రత, దీని దశ ఒక్కసారిగా మారిపోతుంది. ఇక కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది, పైన పెట్టిన అయస్కాంతం గాలిలో తేలుతుంది. కమిటీకి పూతరేకుల వరకు అర్థమైంది. దశ మారడమంటే ఏమిటో అధ్యక్షులు పెద్దిరాజుగారికి స్వానుభవం. రైసుమిల్లులోంచి విద్యారంగంలోకి ఆయన వచ్చింది ఆ దారినే.

ఊరందరినీ పిలిచి సభ పెడతామని, అందులో అయస్కాంతం తేలితే ఉద్యోగం పర్మినెంటు చేస్తామన్నారు. పెళ్లినాటి నుంచీ టెంపరరీగానే ఉన్న కామేశంగారు ఆ మాట భార్య హైమవతికి రెండుసార్లు చెప్పారు.

చల్లబరచడానికి లిక్విడ్ నైట్రోజన్ కావాలి. ఆ చుట్టుపక్కల అది దొరికేది పశువైద్యుల దగ్గరే. మేలుజాతి ఆంబోతుల వీర్యం అందులో నిల్వ చేస్తారు. పెద్దిరాజుగారు ఒక్క ఫోను చేస్తే క్యాను క్యానే దిగింది. ఆ ఏడు చాలా ఆవులు విజ్ఞానాభివృద్ధి కోసం చూడి కట్టకుండా ఉండిపోయాయి.

సభ మొదలైంది. ఉపన్యాసాలు సాగుతుంటే నైట్రోజన్ తరిగిపోతూ క్యానులోంచి పొగలు పోతున్నాయి. కామేశంగారి ప్రాణమూ వాటితోనే పోతోంది.

"ఈ బిళ్లలో కరెంటుకి ఎదురన్నదే ఉండదంటండి," అన్నారు పెద్దిరాజుగారు మైకులో. "మా కమిటీలోనూ అంతేనండి. నేను చెప్పింది చెప్పినట్టు పారుతుంది."

కమిటీ చప్పట్లు కొట్టింది.

చివరికి కామేశంగారు మిగిలిన నైట్రోజన్ బిళ్లమీద ఒంపి అయస్కాంతం పెట్టారు. తేలింది. హాలంతా లేచి నిలబడింది. ఇన్నేళ్లుగా తానొక్కడే చూస్తున్నది ఇప్పుడు అందరూ చూస్తున్నారని ఆయన కళ్లు చెమర్చాయి.

అంతలో అధ్యక్షులవారి భార్య శ్యామలాంబగారు కర్పూర హారతితో వేదికెక్కారు.

"వేడి తగలకూడదండమ్మా," అన్నారు కామేశంగారు.

"దేవుడికి లేని అభ్యంతరం దీనికేంటండి?" అని ఆవిడ పళ్లెం మరింత దగ్గరికి తెచ్చారు.

అయస్కాంతం కూలబడింది.

కామేశంగారి మొహం వెలిగిపోయింది. "ఇదేనండి దశ మారడమంటే. నేను రాసిందంతా ఈ క్షణం గురించేనండి."

ఎవరూ వినలేదు. ఆయన చెప్పులతో వేదికెక్కారని కొందరు, అష్టమినాడు పెట్టుకోవడమే తప్పని కొందరు తేల్చారు. శాంతి చేయించాలన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

సోమవారం పొద్దున్న ల్యాబులో అద్దాల బీరువా వెలిసింది. లోపల నల్లబిళ్ల, దానిపైన సన్నటి గేలపు దారంతో వేలాడుతున్న అయస్కాంతం. ఇది మోసమండి అన్నారు కామేశంగారు.

"తేలేది తేలుతూనే ఉండాలండి. మధ్యలో పడిపోతే అది శాస్త్రమెలా అవుతుంది?" అని పెద్దిరాజుగారు పర్మినెంటు ఉత్తర్వు బల్లమీద పెట్టారు. "మీకేమైనా సందిగ్ధమాండి?"

ఉత్తర్వు కబురు తెలిసి ఇంట్లో హైమవతి అప్పటికే పాయసానికి పాలు పొయ్యిమీద పెట్టి ఉంటుంది. కామేశంగారు లేదండి అన్నారు.

గది వేడిలో పనిచేసే అతివాహకం కోసం ప్రపంచంలోని శాస్త్రజ్ఞులంతా తలలు పట్టుకుంటుండగా, రామచంద్రపురంలో అది మండు వేసవిలోనూ తేలింది. తనిఖీకి వచ్చినవారు బీరువా బయటినుంచే చూసి, కాలేజీకి ఉత్తమ శ్రేణి ఇచ్చి, పూతరేకులు కట్టించుకుని వెళ్లారు.

ఆ ఏడు పరీక్షలో అతివాహకపు సందిగ్ధ ఉష్ణోగ్రత ఎంత అని అడిగితే, పిల్లలంతా గది ఉష్ణోగ్రత అని రాశారు. పావని అనే అమ్మాయి మాత్రం, దారం తెగేదాకా ఏ ఉష్ణోగ్రతైనా ఫర్వాలేదని రాసింది. కామేశంగారు ఆ జవాబు చాలాసేపు చూశారు. తరవాత సున్నా చుట్టి, మిగతావాళ్లందరికీ పూర్తి మార్కులు వేశారు.

ఆ పూర్తి మార్కులవాళ్లే ఇప్పుడు మీ పిల్లలకు సైన్సు చెబుతున్నారు.