పెద్దోనికి తల్లి పోసింది

ఆ ఆదివారం పొద్దున ఆరింటికల్లా కామారెడ్డికి బయలుదేరాలని సీతారాం నెల కిందటే అనుకున్నాడు. 2012లో అక్కడి రైతుల సంఘమొకటి పాత ట్రాక్టర్ల పోటీ పెట్టింది. బండి తన కాళ్ల మీద తాను రావాలి, ఇంజన్ నడుస్తూ గంటసేపు నిలబడాలి, కింద ఒక్క చుక్క కారకూడదు. అట్లా నిలిచినవాటిలో వయసులో పెద్దదానికి బహుమతి.

సీతారాం ట్రాక్టరుకు నలభై నాలుగేళ్లు. ఎల్లారెడ్డి పక్కనున్న ఆ ఊళ్లో చక్రాల మీద వచ్చిన మొదటి ఇంజన్ అదే. సీతారాం పుట్టకముందే కొన్నాడు కనుక తండ్రి దాన్ని "పెద్దోడు" అని పిలిచేవాడు. తండ్రి పోయి పదేళ్లయినా ఆ పేరు పోలేదు. ఇంట్లో రెండో కొడుకు హోదాలోనే పెరిగిన సీతారాంకు, అన్నను పదిమందిలో నిలబెట్టాలని ఒక్కటే కోరిక.

అయిదున్నరకు లాంతరంత టార్చిలైటుతో వాకిట్లోకి వచ్చి చూస్తే, పెద్దోడి కింద తాంబాళమంత మడుగు.

వెంటనే మెకానిక్ యోబుకు ఫోన్ చేశాడు. యోబు వస్తూనే మడుగులో వేలు ముంచి వాసన చూశాడు. జలుబు వల్ల ఏమీ తెలియలేదు. మడుగు రెండు అంచుల నుంచి తీసి పాత పేపరు మీద రెండు చుక్కలు వేసి ఎండకు పెట్టాడు. ఒకటి పలచగా పాకి ఆరిపోయింది, ఇంకొకటి నల్లగా అట్లాగే కూర్చుంది. డీజిల్ వేరే, ఆయిల్ వేరే, రెండూ కారుతున్నాయని తేల్చాడు. డీజిల్ సంగతి సులువుగానే దొరికింది. ఫిల్టర్ దగ్గరి రాగి వాషర్ అరిగింది, మార్చేశాడు. ఆయిల్ మాత్రం చిక్కలేదు. ఇంజన్ అడుగున ఆయిల్ చాంబర్ బోల్టులన్నీ బిగించినా చుక్క చుక్కే.

"కారే జాగ వేరే ఉంటది, పుట్టే జాగ వేరే ఉంటది" అన్నాడు యోబు. "మీదికెల్లి ఎక్కడ్నో పుట్టి, ఇనుము పట్టుకొని కిందికి వస్తున్నది. పౌడర్ కావాలె."

ఇంజన్‌ను కిరసనాయిలుతో కడిగి, తుడిచి, తెల్లటి పొడి చల్లి నడిపిస్తే తడి పుట్టిన చోటు బయటపడుతుందట. సీతారాం భార్య జమున పౌడర్ డబ్బా అడుగంటా ఖాళీ అయింది. పెద్దోడు పెళ్లికొడుకులా తెల్లబడ్డాడు. స్టార్టు చేయగానే వణుకుడుకు పౌడరంతా అక్కడక్కడ రాలి, మిగిలింది మచ్చలు మచ్చలుగా నిలిచింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి ముత్తవ్వ వచ్చింది. ఆమె కాపురానికి వచ్చింది పెద్దోడి వెనక ట్రాలీలోనే. చూపు మందగించింది కానీ ప్రేమ మందగించలేదు. గేటు దగ్గరే ఆగి, బిడ్డకు ఏమైందని అడిగింది. చెయ్యి తీరిక లేని యోబు, ఒళ్లంతా తడి కారుతున్నది, ఎక్కడ పుట్టిందో చూస్తున్నామని చెప్పాడు. ముత్తవ్వ మచ్చల వైపు కళ్లు చికిలించి చూసి, "తల్లి పోసింది" అని నెమ్మదిగా చెప్పి వెళ్లింది. అయిదు నిమిషాల్లో గేటుకు వేపమండలు కట్టింది. ఇనుముకు పోసినా అమ్మవారు అమ్మవారే, తల్లి తల్లేనని ఆమె నమ్మకం.

పాలు పోయడానికి పక్క ఊరి నుంచి వచ్చే ఎంకయ్య వేపమండలు చూసి ఆగాడు. ఎవరికని అడిగితే పెద్దోనికని ముత్తవ్వ చెప్పింది. పాల క్యానుతోపాటు ఆ మాట కూడా ఎల్లారెడ్డి బస్టాండు చేరింది. అక్కడి నుంచి ఫోన్లకెక్కింది. ఎనిమిదింటికి కామారెడ్డి నుంచి, పోటీ చూసుకునే ఆశన్న సీతారాంకు ఫోన్ చేశాడు.

"పెద్దోనికి బాగలేదట గద?"

అంత దూరం నుంచి బండి క్షేమం అడిగినందుకు సంబరపడి సీతారాం ఉన్నదున్నట్టు చెప్పాడు. "అవునన్న. ఒళ్లంత పౌడర్ చల్లినం. కారుడు ఆగుతలేదు. ఎట్లన్న జేసి పదకొండింటికల్ల తీసుకొస్త."

"తీసుకొచ్చుడేంది? వేలమంది ఉంటరు ఈడ."

"అందుకేనన్న తెచ్చేది. అందరు చూడాలె."

డాక్టరు కాగితం లేకుండా గేటు దాటనివ్వనని చెప్పి ఆశన్న ఫోన్ పెట్టేశాడు. పాత బండికి డాక్టరు కాగితం ఎందుకో సీతారాంకు అర్థం కాలేదు. పోటీకి కొత్త రూలు కావచ్చునని, మనసులో ఇంకో బరువు మోపుకున్నాడు.

ఈలోగా ముత్తవ్వ చెంబెడు చిక్కటి పసుపునీళ్లు తెచ్చి ఇంజన్ మీద కుమ్మరించింది. యోబు తల పట్టుకున్నాడు. పొద్దుటి నుంచి చేసిన పనంతా పచ్చగా కారిపోయింది. చేసేదేమీ లేక ఇంజన్ నడవనిచ్చి బీడీ ముట్టించాడు. వేడికి పసుపు ఆరి, గోడకు పూసినట్టు పట్టుకుంది. ఆ పచ్చటి పొర మీద, ఎక్కడో పైన, టాపెట్ కవర్ మూల నుంచి సన్నటి నల్లగీత ఒకటి దిగడం మొదలైంది.

యోబు బీడీ పారేశాడు. పాత ప్యాకింగ్ చిరిగింది. అట్టముక్క కత్తిరించి కొత్తది వేసి బిగించేసరికి చుక్క ఆగింది. తల్లి చల్లబడిందని ముత్తవ్వ దండం పెట్టుకుంది. ఆమె మాటను కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు.

ఆ సమయానికే, తల్లి పోసిందన్న కబురు విని, ఊరికి కొత్తగా వచ్చిన నర్సు రేఖ రిజిస్టరు, మాస్కుతో దిగింది. పెద్దోణ్ణి చూపించమంది. చూపించారు. ఆమె చాలాసేపు బండినే చూసి, మాస్కు తీసి మెట్టు మీద కూర్చుంది. కేసు వచ్చిందని పైకి ఫోనులో చెప్పేసిందట. నమోదైన కేసును ట్రాక్టరని కొట్టేయడానికి రిజిస్టరులో గడి లేదట. సీతారాం చేతులు కట్టుకుని, ఏదో ఒక కాగితం ఇస్తే గేటు దాటుతానన్నాడు. రేఖ నిట్టూర్చి రాసింది: పేరు పెద్దోడు, వయసు నలభై నాలుగు, కారడం ఆగింది, తిరగవచ్చు, ఎండలో ఎక్కువ నడవరాదు.

పదిన్నరకు బయలుదేరిన బండి ఒంటిగంటన్నరకు కామారెడ్డి చేరింది. ఆశన్న కాగితం చదివి, ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకుని, రోగిని ఇంట్లో వదిలి వచ్చినందుకు సీతారాంను మెచ్చుకుని లోపలికి పంపాడు. అప్పటికే తొమ్మిది ట్రాక్టర్లు ఒకదాని తర్వాత ఒకటి కారి, పోటీ నుంచి తప్పుకుని, కింద బేసిన్లు పెట్టించుకుని చెట్ల నీడన నిలబడి ఉన్నాయి. పసుపు పూసుకున్న పెద్దోడు ఒక్కడే గంటసేపు పొడిపొడిగా నిలిచాడు. సొంత అన్న మంచాన ఉన్నా మాట తప్పని రైతని ఆశన్న బహుమతి ఇస్తూ మైకులో చెప్పేసరికి జనం కళ్లు తుడుచుకుని చప్పట్లు కొట్టారు. సీతారాం మూడుసార్లు సరిదిద్దబోయాడు. మూడుసార్లూ దుఃఖంలో ఉన్నాడనుకుని ఎవరో ఒకరు కౌగిలించుకున్నారు. చివరకు ఊరుకున్నాడు.

నాలుగో రోజు జిల్లా నుంచి ఒక పెద్ద డాక్టరు జీపు దిగి, రోగిని పిలవమన్నాడు.

"పెద్దోడు పొద్దుగాల్నే దున్నవోయిండు సార్" అంది జమున, చాటలో బియ్యం చెరుగుతూ.

ఆయన కళ్లజోడు సవరించుకుని, రోగి పూర్తిగా కోలుకున్నాడనీ, కాకపోతే విశ్రాంతి తీసుకోమంటే వినే రకం కాదనీ రాసుకుని వెళ్లిపోయాడు.