దర్బారులో చెట్టు

"సాయంత్రం ముందువరసలో కూర్చో సత్యా. ఈసారి నాకు డైలాగుంది," అన్నాడు వీరబ్రహ్మం, ఆ ఉదయం రెండోసారి గడ్డం గీసుకుంటూ.

తణుకు నాటక సమాజంలో చేరిన నాటినుంచీ అతను ఈటె పట్టిన భటుడే. పెళ్లైన కొత్తలో ఒకసారి చూడటానికి వచ్చిన భార్య సత్యశ్రీ, "ఆ భటుల్లో మీరెవరో పోల్చుకోలేకపోయానండి," అని ఉన్నమాట చెప్పి, మళ్లీ రాలేదు. ఆ మాట అతనికి గొంతులో చేపముల్లైంది.

1998 పరిషత్తు పోటీలకని సైన్సు మాస్టారు మణిశంకర్ గారు రాజుల కాలానికి రోబోను పంపి నాటకం రాశారు. రోబో గూఢచారి, వెనక ఏముంటే ఆ రంగుకు మారిపోతుంది. ఆ టెక్నాలజీ తణుకులో దొరకదు గనక, అద్దెకు తెచ్చే దర్బారు తెర మీది స్తంభాన్నే అట్టకవచం మీద అచ్చుగుద్దినట్టు దించారు. మంత్రులు ఆ స్తంభం పక్కన కుట్ర పన్నుతారు. చివర్లో స్తంభం కదిలి, "మహారాజా, అంతా విన్నాను!" అంటుంది. వీరబ్రహ్మం డైలాగు అదే.

మధ్యాహ్నం తెరలు అద్దెకిచ్చే బంగార్రాజు పెద్దాపురం నుంచి వచ్చాడు.

"దర్బారు తెర మరిడమ్మ జాతరకెళ్లిపోయిందండి. అడవి తెర తెచ్చానండి. రాజులు అడవిలో మాట్లాడుకోరాండి?"

మణిశంకర్ గారు తల పట్టుకున్నారు. కాసేపటికి తేరుకుని, "రోబో అన్నాక రంగు మారాలి కదండీ బ్రహ్మంగారూ," అంటూ వెనకగదిలో స్తంభం మీద ఎనామిల్ పెయింటుతో ఆకులూ కొమ్మలూ వేశారు. అది తొందరగా ఆరే రకం కాదు.

ఇంతలో బంగార్రాజుకు మనసు పీకింది. పక్క ఊరి సమాజాన్ని బతిమాలి ఇంకో దర్బారు తెర తెచ్చాడు. అడవి తెరను పైకి చుట్టేసి, దాని వెనక దీన్ని కట్టాడు. ఎవరికీ చెప్పలేదు. మంచిపని చాటుకుంటే ఫలం పోతుందని అతని నమ్మకం.

ముందుతెర లేచింది. దర్బారు నడుమ చెట్టుంది. కవచంలో మెడ తిరగదు గనక ఆ సంగతి చెట్టుకు తెలియదు. మంత్రులు వచ్చి, నలుదిక్కులా చూసి, "ఇక్కడ మన మాట వినేవారు లేరు," అన్నారు.

"చెట్టుందండీ!" అని జనంలోంచి ఒక పెద్దాయన మర్యాదగా హెచ్చరించాడు.

పందిరంతా నవ్వులు. వీరబ్రహ్మం కదల్లేదు. కదిలితే గూఢచారి ఎలా అవుతాడు?

"అడవి దించు! అడవి!" అన్నారు మణిశంకర్ గారు పక్కనుంచి. బంగార్రాజు తాడు వదిలాడు. అడవి దిగి చెట్టును తనలో కలిపేసుకుంది. జనం చప్పట్లు కొట్టారు. గండం గడిచిందని వీరబ్రహ్మం కాస్త వెనక్కి జారగిలబడ్డాడు. తడి పెయింటు తెరను పట్టేసింది.

"అయ్యబాబోయ్, నా తెర!" అంటూ బంగార్రాజు ఒక్క ఊపున తాడు లాగాడు. అడవి పైకి లేచింది. కవచం తాళ్లు తెంపుకుని దానితోపాటే పోయింది. నిండు దర్బారులో బనీను, చారల డ్రాయరుతో వీరబ్రహ్మం మిగిలాడు.

అతనికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. కానీ ఇప్పుడు పారిపోతే ఈ జన్మకింక డైలాగు రాదు. ముందుకు నడిచి, గొంతు వణక్కుండా అన్నాడు.

"మహారాజా, అంతా విన్నాను!"

ముందువరసలో సత్యశ్రీ లేచి నిలబడింది. "మా ఆయనేనండీ!" అని చుట్టుపక్కల వాళ్లందరికీ చూపించింది.

రిక్షాలో ఇంటికి వెళ్తూ తన శాలువా అతని భుజాల మీద కప్పి, "ఈసారి కనబడ్డారండి," అంది. వీరబ్రహ్మానికి కళ్లు చెమర్చాయి.

న్యాయనిర్ణేతలు మాత్రం, నాటకంలో రోబో ఎక్కడా కనబడలేదని మార్కులు తగ్గించారు.