మెటోడి అద్దాల బీరువా

ఆ శనివారం మెటోడి పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం చర్చి గంట మోగేలోగా కొత్త అద్దాల బీరువాను మూలికల పుస్తకాలతో నింపాలి. నింపలేకపోతే బీరువా భార్య నెవెనది. చలికాలానికని ఆమె పెట్టిన పచ్చళ్ళ సీసాలు మంచం కింద, మెట్ల కింద, ఆఖరికి స్నానాలగదిలో కూడా బారులు తీరి, ఒక గౌరవమైన చోటు కోసం ఎదురుచూస్తున్నాయి.

అడవుల శాఖలో పనిచేసి రిటైరైన మెటోడికి మూలికలంటే ప్రాణం. ఏ పువ్వు ఏ దగ్గుకి, ఏ వేరు ఏ కడుపునొప్పికి అని చెప్పే పుస్తకాలు జీవితమంతా కొంటూనే ఉన్నాడు. కొన్నవన్నీ ఊరికి అరువిచ్చాడు. ఆ కొండ ఊరికి డాక్టరు వారానికోసారి వస్తాడు, దగ్గు మాత్రం రోజూ వస్తుంది. అందుకని పుస్తకాలు వెళ్ళడమే గాని తిరిగొచ్చే అలవాటు లేదు. అన్నిటికన్నా విలువైనది, రంగు బొమ్మలున్న తాతగారి తోలు అట్ట పుస్తకం, తేనెటీగలు పెంచే కోస్తదిన్ ఇంట్లో ఉంది. ఎప్పుడడిగినా "ఇంకా చదువుతున్నాను బావా" అంటాడు.

"ఇంటింటికీ తిరిగి అడుక్కోలేను. నోటీసు అంటిస్తాను," అన్నాడు మెటోడి నాలుగు రోజుల ముందే భార్యతో.

"అంటించు. ఈలోగా సీసాలు తుడుచుకుంటాను," అంది నెవెన.

కొండ కింద పట్నంలో అచ్చుపని చేసే స్నెజ దగ్గరికి వెళ్ళి, పుస్తకాలున్నవాళ్ళు శనివారం తెచ్చివ్వమని రాసిచ్చాడు. ఎవరి పుస్తకాలో తెలియాలి గనక ఫొటో కూడా ఇచ్చాడు. స్నెజ అచ్చేసేవి చాలావరకు చావు కాగితాలు. ఎవరు పోయినా ఫొటో వేసి, చుట్టూ నల్లంచు కట్టి, గేటుకీ బస్టాపుకీ రొట్టెల కొట్టుకీ అంటించడం ఆ చుట్టుపక్కల ఆనవాయితీ.

"అంచు ఏది వెయ్యను?" అంది స్నెజ.

"మామూలుగా వేసేదే వెయ్యి," అన్నాడు మెటోడి, అద్దంలో మీసం సవరించుకుంటూ.

ఫొటో బాగా వచ్చిందని మురిసిపోతూ ఊరంతా అంటించి వచ్చాడు. అక్కడ పుట్టి పెరిగినవాడి కంటికి నల్లంచు ఆనదు. గోడమీది కాగితమంటేనే అలా ఉంటుంది. పైగా అటువంటి కాగితాన్ని ఎవరూ చదవరు. ఫొటో చూస్తారు, నిట్టూరుస్తారు, రొట్టె కొనుక్కుని ఇంటికి పోతారు.

శనివారం పొద్దున్నే మొదట వచ్చింది పక్కింటి ముసలి తాన్క. తలకి నల్ల గుడ్డ, ఒక చేతిలో పచ్చ అట్ట పుస్తకం, ఇంకో చేతిలో చేమంతులు.

"పూలెందుకు పిన్నీ?" అంటూ అందుకుని నెవెన అలవాటుగా లెక్కపెట్టింది. నాలుగు. ఆ ఊళ్ళో బతికున్నవాళ్ళకి పూలు బేసి లెక్కన ఇస్తారు. సరిలెక్కన ఎవరికిస్తారో నెవెనకి బాగా తెలుసు. గేటు దాకా పరిగెత్తి కాగితం చూసి, తిరిగొచ్చి స్నానాలగది తలుపు తోసింది. సీసాల మధ్య మెటోడి గడ్డం గీసుకుంటున్నాడు.

"నువ్వు పోయావు," అంది.

"ఎక్కడికి?"

"నల్లంచులోకి. స్నెజ పంపించింది. తాన్క పిన్ని ఏడుస్తోంది, వచ్చి కనపడు!"

మెటోడి సగం గీసిన గడ్డంతోనే బయలుదేరి, గుమ్మం దగ్గర ఆగాడు. "ఒట్టి చేతుల్తో వచ్చిందా?"

"పచ్చ అట్ట పుస్తకం తెచ్చింది."

ఆ పుస్తకాన్ని మెటోడి ఆమెకి అరువిచ్చింది ఆమె కూతురి పెళ్ళికి ముందు. ఆ కూతురికి ఇప్పుడు మనవడు. పోయినవాడి సొత్తు ఇంట్లో ఉంచుకుంటే అరిష్టమని ఊరి భయం.

"కాసేపు ఆగుదాం," అన్నాడు మెటోడి. "కోస్తదిన్ని రానీ. అప్పుడు బతుకుతాను."

"సిగ్గు లేదూ?"

"చచ్చినవాడికి సిగ్గేమిటి? తలుపెయ్యి."

నెవెన నిజం చెప్పేద్దామనే బయటికొచ్చింది. అప్పటికే ముందుగది నిండిపోయింది. శవాన్ని చర్చికి చేర్చి ఉంటారని అందరూ అనుకుంటున్నట్టుంది. ఎవరు కావలించుకున్నా చంకలో ఒక పుస్తకం గుచ్చుకుంటోంది. ఒకటి జున్ను మీద బరువుగా పెట్టినది, ఒకటి బల్లకాలి కింద పెట్టినది, ఒకదాని మీద వేపుడు మూకుడు ముద్ర గుండ్రంగా పడింది.

"ఇంటినిండా ఇతని మూలికల ఎండుగడ్డి కంపు. ఇన్నేళ్ళూ ఎలా వేగావే తల్లీ?" అంది తాన్క.

ఆ మాట ఇన్నాళ్ళకి ఒకళ్ళు అడిగినందుకు నెవెనకి నిజంగానే ఏడుపొచ్చింది. ఇక నిజం చెప్పడం ఆమె వల్ల కాలేదు. చావింటికొచ్చినవాళ్ళు ఏదో ఒకటి తిని "దేవుడతన్ని మన్నించాలి" అనాలి. ఏమీ పెట్టకపోతే పరువు పోతుంది. స్నానాలగదిలోకి వెళ్ళి కాల్చిన ఎర్రమిరపకాయల పచ్చడి తెచ్చింది. తర్వాత దోసకాయలు, ఆ తర్వాత వంకాయలు. సీసా కోసం వెళ్ళినప్పుడల్లా లోపల్నించి ఒకటే ప్రశ్న.

"ఎన్నొచ్చాయి?"

"నా దోసకాయలు అయిపోయాయి. నీ పుస్తకాల గోల నీది!"

"నా మోకాలికి ఇంకెవరు మందు చెప్తారు?" అని తాన్క వెక్కడం తలుపు సందులోంచి వినిపించి, మెటోడి తుండుతో కళ్ళు తుడుచుకున్నాడు. అంతలోనే ఆమె ఎండుగడ్డి సంగతి మళ్ళీ ఎత్తుకుంది.

బీరువా దాదాపు నిండిపోయింది. నడిమి అరలో ఒక్క పుస్తకం పట్టే ఖాళీ మిగిలింది. మధ్యాహ్నం కావస్తుండగా కోస్తదిన్ వచ్చాడు. తోలు అట్ట పుస్తకాన్ని గుండెకి హత్తుకుని, పోయినవాడి పేరున కాస్త సారా నేలమీద ఒంపి, మిగతాది గొంతులో పోసుకున్నాడు.

"ఎంత మంచివాడు!" అన్నాడు. "మొన్ననే నా చెయ్యి పట్టుకుని 'కోస్తదిన్, నా తర్వాత ఈ పుస్తకం నీదే' అన్నాడు. మీకందరికీ ఓసారి చూపించి పట్టుకుపోదామని తెచ్చాను."

స్నానాలగది తలుపు గోడకి కొట్టుకుంది.

"అబద్ధాలకోరు వెధవా! ఎప్పుడన్నాను?"

సగం ముఖం నున్నగా, మిగతా సగం ఎండిపోయిన సబ్బు నురగతో మెటోడి నిలబడి ఉన్నాడు. తాన్క శిలువ గుర్తు వేసుకుంది. ఎవరి చేతిలోదో సీసా భళ్ళుమంది. కోస్తదిన్ మాత్రం కదల్లేదు.

"చచ్చి కూడా చదువుకోనివ్వడు వీడు," అన్నాడు.

తర్వాత నవ్వులు, కావలింతలు, తిట్లు. తాన్క అందరికన్నా ముందు తేరుకుంది. "నా ఏడుపంతా దండగ చేశావు కదరా!" అని సూటిగా బీరువా దగ్గరికి వెళ్ళి పచ్చ అట్ట పుస్తకం లాక్కుంది. "బతికే ఉన్నావుగా. నా మోకాలి నొప్పి ఇంకా తగ్గలేదు."

మిగతావాళ్ళకి ఆ మాట ఎంతో సబబుగా తోచింది. ఎవరి పుస్తకం వాళ్ళు తీసుకున్నారు. కోస్తదిన్ తన చేతిలోది అసలు కింద పెట్టనేలేదు. "ఇంకా చదువుతున్నాను బావా," అని గేటు దాటాడు.

గంట మోగింది. పందెం నెవెన గెలిచింది. బీరువా ఆమెదే, కాని అందులో పెట్టడానికి పచ్చడి లేదు. ఖాళీ సీసాలు కడిగి అరల్లో వరసగా పేర్చి, వాటిలో ఊరంతా తెచ్చిన చేమంతులు సర్దింది. మెటోడి నీరసంగా గేటు దగ్గరికి నడిచి కాగితం చింపబోయాడు.

"ఉంచు," అంది నెవెన వెనకనించి. "ఈ కాగితం చూసి, పోయినవాళ్ళకి చేసే నలభయ్యో రోజు ప్రార్థనకి మళ్ళీ వస్తారు. ఈసారి ముందు బీరువాకి తాళం వెయ్యి, ఆ తర్వాత బతుకు."